మా ఊరికి రోడ్డు వద్దు

మదనపల్లె చుట్టుపక్కల ఏ పల్లెకైనా కొత్తగా తారు రోడ్డు పడిందంటే జనం పండగ చేసుకుంటారు. నాయకుడు కొబ్బరికాయ కొడతాడు, సర్పంచి శాలువా కప్పుతాడు, పిల్లలు వేడి తారు మీద చెప్పుల అచ్చులు వేసి తన్నులు తింటారు. ఆ గుంపులో మొహం వేలాడేసుకుని ఒక మనిషి నిలబడి ఉంటే ప్రతిపక్షం వాడనుకోకండి. అది నేను. నాకు రాజకీయాలు లేవు. ఉన్నదల్లా ఒక గ్రావెల్ సైకిలు.

చూడ్డానికి రేసు సైకిలే. హ్యాండిలు కిందికి వంగి ఉంటుంది, తొక్కేవాడి చూపు ఎప్పుడూ నేల మీదే ఉంటుంది. అయితే రేసు సైకిలు టైరు వెడల్పు పాతిక ముప్ఫై మిల్లీమీటర్ల మధ్య ఉంటే దీనిది నలభై, ఆపైన. గాలి అందులో సగం కూడా కొట్టరు. మెత్తగా ఉంటేనే రాళ్ళ మీద ఎగిరిపడకుండా నేలను పట్టుకుంటుంది. తారు మీదా తొక్కొచ్చు, గరుసు మీదా తొక్కొచ్చు అని అమ్మేవాడు చెబుతాడు. కొన్నవాడికి మాత్రం తారు మీద పోయిన ప్రతి కిలోమీటరూ దండగే. ఇంత డబ్బు పోసింది నున్నటి రోడ్డు మీద పోవడానికా?

ఈ పిచ్చికి రాజధాని అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో ఎంపోరియా అనే చిన్న ఊరు. 2006లో ముప్ఫై చిల్లర మంది అక్కడి ఫ్లింట్ హిల్స్ గుట్టల్లో 200 మైళ్ళు, అంటే మన లెక్కలో 320 కిలోమీటర్లు, మట్టిదారుల్లో పందెం వేసుకుని తొక్కారు. అక్కడి చెకుముకి రాయి టైర్లను నిలువునా కోసేస్తుంది. అయినా ఇప్పుడు ఆ పందేనికి వేలమంది వస్తారు, చోటు కోసం లాటరీ తీస్తారు. 2022లో ఇటలీలో దీనికి ప్రపంచ ఛాంపియన్‌షిప్ కూడా మొదలైంది. చెడ్డ రోడ్డు మీద తొక్కడానికి లాటరీ! మా వైపు ఆ భాగ్యం రేషన్ కార్డు కూడా అడక్కుండా అందరికీ అందుతోంది.

నిజానికి ఇందులో కొత్త ఏమీ లేదు. మా తాత పాలక్యాన్లు తగిలించుకుని తిరిగిన నల్ల సైకిలు టైరు మీద 28 x 1½ అని ఉండేది. అంగుళన్నర అంటే 38 మిల్లీమీటర్లు. నేను వాయిదాల మీద కొనుక్కున్నదాన్ని ఆయన ఊరికే తొక్కేశాడన్నమాట, హెల్మెట్టు లేకుండా, పంచె ఎగ్గట్టి, నోట్లో బీడీతో. తేడా ఒకటుంది. ఆయన ఎక్కడికో పోవడానికి తొక్కేవాడు. నేను తొక్కడానికి ఎక్కడికో పోతున్నాను. ఈ తేడా నాకు బాగానే అర్థమైంది కానీ, చుట్టుపక్కల నాలుగు మండలాల్లో ఇంకెవరికీ నేను అర్థం చేయించలేకపోయాను.

"యాడికి నైనా?" అంటాడు మేకల కాపరి.

"ఊరికే, అట్లా పోయొస్తామని."

"అట్లా అంటే?"

"కాలువ గట్టు మీంద చౌడేపల్లె వైపు పోయి, తిరుక్కొని వస్తాను."

"చౌడేపల్లెలో ఎవురుండారు?"

"ఎవరూ లేరు."

ఆయన కాసేపు ఆలోచించి, సైకిలు వైపు జాలిగా చూసి, "హ్యాండిలు వంగిపోయుండాది, ఎవురన్నా గుద్దినారా?" అని అడిగాడు. లేదు, కొన్నప్పుడే అట్లా ఉందన్నాను. "మార్చీమని అడగకపోతివా" అని మేకలు తోలుకుని పోయాడు. అదే సమయానికి ఒక టీవీయస్ ఎక్సెల్ ముందు రెండు పాలక్యాన్లు, వెనక పచ్చిగడ్డి మోపు, మోపు మీద ఒక ముసలామెతో, నేను ఆయాసపడుతూ ఎక్కుతున్న గడ్డను హారన్ కొట్టుకుంటూ ఎక్కేసింది. గ్రావెల్ మీద దానిని మించిన బండి ప్రపంచంలో ఎవరూ చెయ్యలేదని నా నిశ్చితాభిప్రాయం. ఎంపోరియా వాళ్ళకు ఈ సంగతి తెలియకుండా ఉంటేనే మంచిది.

మదనపల్లెకు పెద్దలంతా గాలి బాగుంటుందనే వచ్చారు. ఊరు సముద్రమట్టానికి రెండు వేల అడుగులకు పైన ఉంది. క్షయ రోగుల ఊపిరితిత్తులు బాగుపడాలని మిషనరీలు 1915 నాటికే పక్కన ఆరోగ్యవరంలో శానిటోరియం నడిపారు. 1919లో విశ్వకవి రవీంద్రుడు ఇక్కడి థియొసాఫికల్ కాలేజీలో కొన్నాళ్ళుండి జనగణమనను ఇంగ్లీషులో రాసిపెట్టాడు, మార్గరెట్ కజిన్స్ బాణీ కుదిర్చింది. అంత మంచి గాలి ఉన్నచోట ఊపిరి అందకుండా చేసుకుంటున్నది నేనొక్కణ్ణే. ఊరు దాటి ఏ దిక్కుకు పోయినా పైకే ఎక్కాలి. దిగినట్టు అనిపించేది తర్వాత ఎక్కాల్సినదానికి ముందస్తు అప్పు మాత్రమే.

నేల సంగతి కూడా చెప్పాలి. ఇక్కడ అడుగున ఉన్నదంతా పాత గ్రానైటు జాతి రాయి. ఎండకూ వానకూ అది పొరలు పొరలుగా చిట్లి, గులకగా మారి, ఎర్రమట్టితో కలిసి గరుసు అవుతుంది. తడిస్తే గట్టిపడుతుంది, ఎండితే పైన సన్న గులక వదులై మలుపులో చక్రాన్ని పక్కకు లాగేస్తుంది. ట్రాక్టర్లు తిరిగే చోట దారి అడ్డంగా అలలు అలలుగా తయారవుతుంది. దానిని ఎవరూ తవ్వరు. వదులు నేల మీద చక్రం ఒక వేగం దాటి ఎగిరెగిరి పడటం వల్ల దానంతట అదే పుడుతుంది. ఆ అలల మీద ఒక కిలోమీటరు తొక్కితే చాలు, మనిషికి ఎన్ని ఎముకలున్నాయో పుస్తకం చూడకుండా చెప్పొచ్చు.

ఇక దారులు. నాకు అన్నిటికంటే ఇష్టమైనది హంద్రీ-నీవా పుంగనూరు బ్రాంచి కాలువ గట్టు. శ్రీశైలం జలాశయం నుంచి కృష్ణమ్మను పంపులతో మెట్టు మెట్టుగా ఎత్తిపోస్తూ అనంతపురం, కదిరి మీదుగా మా వైపుకు తెచ్చారు. ఎత్తిన నీళ్ళు మధ్యలో తమంతట తాము పారాలి కాబట్టి కాలువ గుట్టల అంచులు పట్టుకుని చాలా దూరం మట్టంగా సాగుతుంది. పక్కనున్న తనిఖీ దారి కూడా దానితోపాటే మట్టంగా సాగుతుంది. ఇంజనీర్లు నీళ్ళ కోసం పడిన కష్టాన్ని నేను నా మోకాళ్ళ సుఖానికి వాడుకుంటున్నాను. ఒక పక్క నీళ్ళు, ఒక పక్క బండలు, అక్కడక్కడా కొంగలు, ఎదురుగా నెమళ్ళు. కారు రాదు, లారీ రాదు. స్వర్గానికి దారి తారుతో వేసుంటారంటే నేను నమ్మను.

ఈ గట్టు మీద నాకు దక్కే మర్యాద వేరు. కాలువలోకి పైపు దించి ఆయిల్ ఇంజనుతో పొలానికి నీళ్ళు పెట్టుకునేవాళ్ళు అక్కడక్కడా ఉంటారు. దూరం నుంచి హెల్మెట్టు పెట్టుకుని, కళ్ళద్దాలతో, చేతిలో ఫోను చూసుకుంటూ గట్టు మీద వస్తున్న మనిషి కనపడగానే ఇంజను ఆగిపోతుంది. పైపు చుట్టుకుంటుంది. రైతు కాలువ వైపు వీపు తిప్పి ఆకాశంలో మబ్బులు చూస్తుంటాడు. నేను నమస్కారం పెడతాను. ఆయన రెండు చేతులతో పెడతాడు. రెండొందల గజాలు పోయాక వెనక ఇంజను మళ్ళీ అందుకుంటుంది. మొదట్లో ఆగి, "నేను ఇరిగేషన్ వాణ్ణి కాదన్నా" అని చెప్పేవాణ్ణి. అట్లా చెప్పడం ఇరిగేషన్ వాళ్ళ అలవాటేమో, ఎవరూ నమ్మలేదు.

ఒకచోట మాత్రం నిజాయితీ ఎదురు తిరిగింది. గుట్ట పక్కన కొత్త దారి ఉందేమో కనుక్కుందామని, చెట్టు కింద కూర్చున్న పడుచువాళ్ళను, "తమ్ముడూ, ఈ పక్క గ్రావెల్ ఎట్లుంటుంది?" అని అడిగాను. ఒకడు లేచి లుంగీ సరిచేసుకున్నాడు. ఇంకొకడు ఫోను చెవిన పెట్టుకుని దూరంగా పోయాడు. మూడోవాడు దగ్గరికొచ్చి గొంతు తగ్గించి, "ఎన్ని టిప్పర్లు కావాల సార్?" అన్నాడు. రాయలసీమలో గుట్టను చూసి మురిసిపోయేవాడు ఇద్దరిలో ఒకడై ఉండాలి: కొనేవాడు, లేదా కేసు రాసేవాడు. మూడోరకం మనిషి వస్తాడని వాళ్ళు ఏ జన్మలోనూ అనుకోలేదు.

బోయకొండ గంగమ్మ వైపు పోయే మట్టిదారులు బాగుంటాయి కానీ ఆదివారం పోవద్దు. మేకపోతులతో, కోళ్ళతో, కుటుంబాలతో ఆటోలూ ట్రాక్టర్లూ వరసగా వస్తాయి. ఒళ్ళంతా దుమ్ముతో, నాలుక బయటపెట్టి కొండ కింద నిలబడిన నన్ను చూసి ఒక పెద్దామె, "ఏం మొక్కుకున్నావు నాయనా, సైకిలు మీందొచ్చినావు?" అంది. మొక్కు కాదంటే బాగుండదని తల ఊపాను. ఆ పూట అన్నం, మాంసం కడుపునిండా దొరికాయి. నా రూట్లలో దీనికి నేనిచ్చే మార్కులు కొంత పక్షపాతంతో కూడినవని పాఠకులు గమనించాలి.

టమోటా తోటల మధ్య దారులకు మాత్రం మార్కెట్టు ధర చూసుకుని బయల్దేరాలి. 2023 జూలైలో మా మార్కెట్లో కిలో రెండు వందల రూపాయల దగ్గరికి ఎగబాకింది. ఆ నెల తెల్లవారుజామున తోట పక్కన సైకిలు ఆపి నీళ్ళు తాగితే నాలుగు వైపుల నుంచి టార్చిలైట్లు పడేవి. నా సీటు వెనక సంచిలో ఉన్నది పంపూ, రెంచీలని విప్పి చూపించాక గానీ వదిలేవాళ్ళు కాదు. ధర పడిపోయిన కాలంలో అదే రైతు గట్టు మీది నుంచి కేకేసి, ఒక బాక్సు ఎత్తుకుపోరాదా అంటాడు. బాక్సంటే పాతిక కిలోలకు తక్కువుండదు, నా సైకిలుకు క్యారియరే లేదు. కోత కూలి కూడా గిట్టక దారి పక్కన పారబోసిన టమోటాల మీద ఎంత వెడల్పు టైరుకైనా పట్టు చిక్కదు. ఆ రోజుల్లో అటు పోబుద్ధి కాదు, జారతానని కాదు.

పల్లేరు గురించి చెప్పకపోతే ఈ వ్యాసానికి పాపం చుట్టుకుంటుంది. ఊరు పాడైపోవాలని తిట్టేటప్పుడు పల్లేరు మొలవాలని తిట్టడం మనకు తెలిసిందే. గ్రావెల్ సైకిలుకు అచ్చంగా ఆ శాపం తగిలిన నేలే కావాలి. కాబట్టి పల్లేరూ నేనూ ఎప్పుడూ ఒకే దారిలో ఉంటాం. దాని కాయ ఎండాక ముక్కలుగా విడిపోతుంది. ప్రతి ముక్కకూ గట్టి ముళ్ళు. ఎట్లా పడేసినా ఒక ముల్లు ఆకాశం వైపు చూసేటట్టు దేవుడు దాన్ని లెక్కగట్టి చేశాడు. అమెరికాలోనూ ఇదే మొక్క సైకిలు వాళ్ళ పాలిట యముడు. మా వైపు చెకుముకి రాయి లేనంతమాత్రాన ఎంపోరియా వాళ్ళు గర్వపడక్కర్లేదు.

దీనికి విరుగుడుగా ఈ టైర్లలో ట్యూబు లేకుండా రబ్బరు పాలు పోస్తారు. ముల్లు దిగగానే ఆ పాలు రంధ్రంలోకి ఉరికి, గాలి తగిలి గడ్డకట్టి మూసేస్తాయి. అయిదారు మిల్లీమీటర్ల బెజ్జం దాకా ఫరవాలేదు. దాన్ని దాటితే సైకిలు షాపే గతి. ఒకసారి పల్లెకూడలిలో చింతచెట్టు కింద ఉన్న షాపులో అదే జరిగింది. షాపు అన్న టైరు విప్పాడు. తెల్లటి ద్రవం బొళక్కున ఆయన కాళ్ళ మీద పడింది.

"పాలెవురు పోసిరి సార్ దీంట్లో?"

"అది పాలు కాదన్నా, పంచరు పడకుండా పోస్తారు."

"పడింది గదా."

దీనికి జవాబు ఏ కంపెనీ పుస్తకంలోనూ లేదు. సంచిలోంచి నా దగ్గరున్న అదనపు ట్యూబు తీసిచ్చాను. అన్న దాన్ని వెలుతురుకు పట్టి చూశాడు. అందులో అప్పటికే ఏడాది కిందటి పల్లేరు దిగి ఉంది. అన్న దగ్గర మాత్రం 28 x 1½ ట్యూబు ఉంది, సాగదీస్తే సరిపోతుంది. కానీ దాని వాల్వు లావు ఎనిమిది మిల్లీమీటర్లు, నా రిమ్ముకు ఉన్న బెజ్జం ఆరున్నర. ఇక్కడ ప్రపంచ స్థాయి ఇంజనీరింగూ, చింతచెట్టు కింది ఇంజనీరింగూ ముఖాముఖి నిలబడ్డాయి. అన్న ఒక్క మాట మాట్లాడకుండా గుండ్రటి ఆకురాయి తీశాడు. నేను వద్దు వద్దంటూ రిమ్ముకు అడ్డం పడ్డాను. దాని ధరలో అన్న షాపు మొత్తం వస్తుంది. చివరికి నా పాత ట్యూబుకే పల్లేరు బెజ్జం దగ్గర చింతగింజంత అతుకు వేసి, నీళ్ళ తొట్టిలో ముంచి బుడగలు చూసి, పది రూపాయలు తీసుకున్నాడు. ఆ అతుకు ఇంకా ఉంది. కంపెనీ వాళ్ళు ఏడాదికి నాతో కొనిపించే రబ్బరు పాల ఖరీదు ఇక్కడ రాయను, ఇంట్లో వాళ్ళు ఈ పత్రిక చదువుతారు.

వాయల్పాడు దాటి గుర్రంకొండ కోట చూసుకుంటూ తరిగొండకు పోయే దారి దూరాభారం. అక్కడి రంగినీ మహలు ఫొటో తీసుకునేసరికే నీళ్ళయిపోతాయి. తరిగొండ భక్త కవయిత్రి వెంగమాంబ పుట్టిన ఊరు. తిరుమలలో రోజూ వేలమంది భోంచేసే అన్నప్రసాద భవనానికి ఆమె పేరే పెట్టారు. ఆ తల్లి సొంతూరికి ఆకలితో నకనకలాడుతూ చేరి, దొరికిన రెండు బిస్కెట్ ప్యాకెట్లు గుడి ముందు కూర్చుని తిని, నరసింహస్వామికి దండం పెట్టి వెనుదిరిగాను. తిరుమల నుంచి తరిగొండ ఎంత దూరమో ఆ రోజు కడుపుకు తెలిసింది.

హార్స్లీ హిల్స్ గురించి అందరూ అడుగుతారు. ఏనుగు మల్లమ్మ కొండ దాని అసలు పేరు. ఏనుగులు మల్లమ్మ అనే పిల్లను సాకాయని కథ. 1870 ప్రాంతంలో కడప కలెక్టరు హార్స్లీ దొర ఎండ తట్టుకోలేక అక్కడ బంగళా కట్టుకున్నాడు, కొండ పేరు మారింది. నాలుగు వేల అడుగులు పైచిలుకు ఎత్తు. ఘాటు రోడ్డు మొత్తం తారే కాబట్టి సిద్ధాంతరీత్యా నేను దాన్ని బహిష్కరించాను. ఎక్కలేకపోవడం అనేది వేరే కారణం. కొండ కింద కురబలకోట, తెట్టు, రిషి వ్యాలీ వైపు దారులు మాత్రం నావే. మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి అక్కడి పెద్ద మర్రిచెట్టును చూసి బడికి ఆ చోటే తగినదనుకున్నాడని చెబుతారు. కృష్ణమూర్తి సత్యానికి దారంటూ లేదన్నాడు. ఆయన బడి పక్కన నేను దారి కోసం ఫోనులో మ్యాపు వెతుక్కుంటూ ఉంటాను. ఆ మ్యాపు నన్ను చాలాసార్లు నేరుగా వేరుశనగ చేలోకి తీసుకుపోయింది.

బంధువులొచ్చినప్పుడు తప్పక కొండెక్కుతాను, కారులో. అయినా జేబులో సైకిలు వాళ్ళు తినే శక్తి జెల్ ప్యాకెట్టు ఉండిపోతుంది. ఒకసారి గాలిబండ దగ్గర కోతి దాన్ని లాక్కుంది. పళ్ళతో చింపింది, నాకి చూసింది, నా వైపు చూసింది, ప్యాకెట్టు తెచ్చి నా కాళ్ళ దగ్గర పారేసి పోయింది. అక్కడి కోతులు ఇంతవరకు ఎవరికీ ఏదీ తిరిగివ్వలేదు. అప్పటి నుంచి నేను చెనక్కాయల ఉండలు తప్ప ఇంకేదీ తీసుకుపోవడం లేదు.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. మా ప్రాంతంలో నా దారుల్లోకెల్లా మణిపూస ఒకటుంది, ఉండేది. పెద్దరోడ్డు నుంచి ఒక చెరువుకట్ట మీదుగా, వంక దాటి, గుట్ట చుట్టూ తిరిగి ఒక పల్లెకు పోయే మట్టిదారి. ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన 2000 డిసెంబరు 25న మొదలైనప్పుడు, మైదానంలో 500 మంది జనాభా ఉన్న ఆవాసాలకు పక్కా రోడ్డు అన్నారు. ఈ పల్లెలో అంతమంది లేరు. కుటుంబ నియంత్రణ శ్రద్ధగా పాటించిన పల్లెల దారులే నాలాంటివాడికి మిగిలాయి.

సెలవు దొరికిన ప్రతిసారీ ఆ దారిలో పోయేవాణ్ణి. గోతుల దగ్గర ఆగి ఆనందంతో ఫొటోలు తీసేవాణ్ణి. వంక దగ్గర దిగి లోతు చూసేవాణ్ణి. ఎక్కడెక్కడ రాయి తేలిందో, ఎక్కడ కోత పడిందో ఫోనులో గుర్తులు పెట్టుకునేవాణ్ణి. పల్లెలోకి చేరగానే మొదటి ఇంట్లో మజ్జిగ, రెండో ఇంట్లో ఉడకబెట్టిన చెనక్కాయలు. ఒకసారి రాగిసంగటిలో ఊరిబిండి వేసి పెట్టారు. ఎంత మంచి మనుషులు, ఏమీ ఆశించకుండా పెడుతున్నారు అనుకున్నాను. చివరికి ఒకరోజు సర్పంచి పక్కన కూర్చుని మెల్లగా అడిగాడు.

"సార్, ఎస్టిమేటు ఎంతేసినారు?"

సంగటి గొంతులో ఆగింది. నేను రోడ్ల ఇంజనీరును కాదని చెప్పాను. పెద్దమనుషులందరూ నవ్వారు. మంచి ఆఫీసరు ముందే బయటపడడని వాళ్ళలో ఒకాయన మిగతావాళ్ళకు చెప్పాడు. ఎంత చెప్పినా వినకపోయేసరికి నేను పనిచేసే బ్యాంకు గుర్తింపు కార్డు చూపించాను. అప్పుడు ఇంకో ముసలాయన, "ఆఫీసరు కాకపోతే మానె, అర్జీ రాసిచ్చేదానికేం? మజ్జిగ తాగినోడివి" అన్నాడు.

న్యాయమే. 108 బండి చెరువుకట్ట దగ్గరే ఆగిపోతుందనీ, కాన్పు నొప్పులొచ్చిన పిల్లను అక్కడిదాకా మంచం మీద మోసుకుపోయారనీ చెప్పినప్పుడు, నాకు వాదించడానికి ఏం మిగిలింది? కాగితం తెప్పించుకుని అక్కడే అరుగు మీద కూర్చుని రాశాను. మా జిల్లాలో రోడ్డు కోసం అంత వివరంగా ఎవరూ అర్జీ రాసి ఉండరు. ప్రతి గోతికీ ఫొటో ఉంది. ప్రతి కోతకూ కిలోమీటరు లెక్క ఉంది. వంక దగ్గర వానాకాలం మోకాటిలోతు, గుట్ట మలుపులో ఏటవాలు, అన్నీ ఉన్నాయి. నా మణిపూస మొత్తాన్ని అంగుళం అంగుళం కొలిచి, దాన్ని చంపమని నా చేతిరాతతో వేడుకున్నాను. అర్జీ చదివిన అధికారి ఇంత చక్కగా సర్వే చేసిందెవరని అడిగాడట. రోడ్డు మంజూరైంది.

ప్రారంభోత్సవానికి నన్నూ పిలిచారు. మొదట్లో చెప్పిన వేలాడే మొహం అప్పటిదే. నాకూ శాలువా కప్పారు. "ఇప్పుడు మీ సైకిలు జర్రున పోతాది గదా సార్" అన్నాడు సర్పంచి. నిజంగానే జర్రున పోయింది. నలభై నిమిషాల ఆనందం పది నిమిషాల్లో అయిపోయింది. అయితే 108 మొదటిసారి పల్లె నడిబొడ్డులోకి వచ్చిందని తర్వాత తెలిసింది. సంతోషించాను, కొంచెం పళ్ళు బిగబట్టి.

తర్వాతి కథ మీరు ఊహించగలరు, మీకూ ఒక పల్లె ఉండే ఉంటుంది కదా. గుట్ట అవతల తవ్వకాలు మొదలయ్యాయి. టిప్పర్లకు కొత్త రోడ్డు దొరికింది. రెండు వానాకాలాలు గడిచేసరికి అంచులు విరిగాయి, మధ్యలో తారు పెచ్చులూడింది, వంక దగ్గర కంకర తేలింది. గ్రావెల్ మోసే టిప్పర్లే నా గ్రావెల్ దారిని నాకు తిరిగి తెచ్చిపెట్టాయి. టైర్లలో గాలి తగ్గించుకుని మొన్న మళ్ళీ ఆ దారిలో పోయాను. పాత దారి కన్నా ఇప్పుడే రుచిగా ఉంది: మట్టీ, కంకరా, అక్కడక్కడా తారు తునకలు. పల్లెలో మజ్జిగ ఇచ్చారు. పక్కనే తెల్లకాగితాలూ, పెన్నూ పెట్టారు. రాసిచ్చి వచ్చాను.

మా వైపు రావాలనుకునే సైకిలు వాళ్ళకు చెప్పదగిన మాటలు కొన్నే. నవంబరు నుంచి ఫిబ్రవరి లోపల రండి, పొద్దున చలిగా ఉంటుంది, పల్లేరు అప్పటికి ఎండి సిద్ధంగా ఉంటుంది. రెండు ట్యూబులు, అతుకు సామాను, చెనక్కాయల ఉండలు తెచ్చుకోండి. కాలువ గట్టు మీద పనులు జరుగుతుండొచ్చు, ముందు కనుక్కుని బయల్దేరండి. పల్లెలో మజ్జిగ ఇస్తే తాగండి, కానీ ఎస్టిమేటు ఎంతేశారని అడిగితే అంకె చెప్పకండి. అర్జీ రాయమంటే మాత్రం చక్కగా, కిలోమీటర్లతో సహా రాసివ్వండి. మిగతాది టిప్పర్లు చూసుకుంటాయి.